ఎగ్జాస్ట్ సామాను కొనే ముందు ఎత్తులు కొలవండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. 1984లో కట్టిన 31 అడుగుల తెరచాప పడవను స్నేహితుడితో కలిసి కొన్నారు. సౌతాంప్టన్ పక్కన హాంబుల్ నదిలో ఉంచుతున్నారు. ఇంజిన్ మూడు సిలిండర్ల 27 హార్స్‌పవర్ డీజిల్. కిందటేడు దాకా నిమిషానికి 3,400 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేది, ఇప్పుడు 2,600 దాటడం లేదు. నల్ల పొగ వస్తోంది, మిక్సింగ్ ఎల్బో (ఇంజిన్ పొగలో సముద్రపు నీళ్లు కలిపే వంపు గొట్టం) కింద తుప్పు నీళ్లు కారుతున్నాయి. చలికాలం కోసం పడవను ఒడ్డుకెక్కించారు. యార్డు వాళ్లు ఎల్బో ఒక్కటి మారిస్తే చాలన్నారు. నిజంగా చాలా, పొగ పోయే రబ్బరు హోస్ కూడా మార్చాలా, స్టెయిన్‌లెస్ మంచిదా, ఈ పనిలోనే ఇంకేమైనా బాగుచేసుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

ఎల్బో మారిస్తే మీ ఆర్‌పీఎం తిరిగి వస్తుంది, అందులో నాకు పెద్దగా అనుమానం లేదు. కానీ మీరు పెట్టిన ఫొటోలు చూశాక నన్ను కలవరపెట్టింది ఎల్బో కాదు. సముద్రపు నీళ్లు పొగలో కలిసే చోటు వాటర్‌లైన్‌కి, అంటే పడవ నీటిలో మునిగే గీతకి, 8 సెంటీమీటర్లే పైన ఉందని మీరే రాశారు. పొగతో వచ్చే నీళ్లు చేరే వాటర్‌లాక్ చూస్తే 4.5 లీటర్ల చిన్న డబ్బా. సముద్రపు నీళ్లు వాటంతట అవే లోపలికి రాకుండా గొట్టంలోకి గాలి వదిలే యాంటీ సైఫన్ వాల్వ్ కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) లాకర్‌లో ఒక పక్క గోడకి బిగించి ఉంది, దాని తల మీద ఉప్పు పేరుకుని తెల్లగా కనిపిస్తోంది. ఈ మూడూ కలిస్తే ఏదో ఒక రాత్రి ఇంజిన్ సిలిండర్లలోకి సముద్రం వస్తుంది. అందుకే సమాధానం కాస్త పొడవుగా రాస్తున్నాను.

హుస్సేన్ సాగర్‌లో డింగీల (చిన్న తెరచాప పడవల) మీద నేర్చుకున్నామని రాశారు. వాటికి ఇంజిన్ ఉండదు కాబట్టి ఈ గొడవ మీకు కొత్త. నాది మరో రకం కొత్త. నేను ఇరవై ఏళ్లకు పైగా సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పని చేశాను. ఓడలో పొగ పొడిగా ఫన్నెల్‌లోంచి పైకి పోతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ల మీద చూసే నిలువు పొగగొట్టం కూడా అంతే, నీళ్లతో సంబంధం లేదు. తెరచాప పడవలో అలా కుదరదు, పైన బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ కడ్డీ), తెరచాపలు, మనుషులు ఉంటారు. అందుకని పొగని వెనక నుంచే, వాటర్‌లైన్‌కి దగ్గర నుంచే బయటికి పంపాలి. రబ్బరు హోస్‌లో పంపాలంటే ముందు చల్లార్చాలి. సిలిండర్ నుంచి వచ్చే పొగ లోడ్ మీద 400 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజిన్‌ని చల్లార్చే భాగం) దాటి వచ్చిన సముద్రపు నీటిని ఎల్బోలో ఆ పొగ మీదకి వదిలితే అది ఒక్కసారిగా చెయ్యి పెట్టగలిగినంత వేడికి దిగిపోతుంది. ఆ నీళ్లూ పొగా కలిసి కిందికి జారి వాటర్‌లాక్‌లో పడతాయి. పొగ ఒత్తిడే ఆ నీటిని మళ్లీ పైకి, గూస్‌నెక్ అనే ఎత్తైన వంపు దాకా ఎత్తి, ట్రాన్సమ్ (పడవ వెనక గోడ) నుంచి బయటికి నెడుతుంది.

అంటే ఇంజిన్ తిరుగుతున్నంత సేపు నీటిని పైకి నెట్టేది పొగ. ఇంజిన్ ఆగిన క్షణం నుంచి ఆ నీటిని ఇంజిన్ వైపు రానివ్వకుండా ఆపేవి ఎత్తులు మాత్రమే. ఎగ్జాస్ట్ అంటే పొగ బయటికి పోయే దారి అని అందరం అనుకుంటాం. చిన్న పడవలో దాని అసలు పని సముద్రాన్ని ఇంజిన్‌కి దూరంగా ఉంచడం. సామాను ఎంత ఖరీదైనదైనా ఎత్తులు తప్పితే ఆ పని జరగదు.

కాబట్టి ఏదీ ఆర్డర్ చేయకముందు కొలతలు తీయండి. పడవ ఒడ్డున ఉండడం ఇందుకు మంచిదే. మన ఊళ్లలో మేస్త్రీలు పునాది మట్టం చూడ్డానికి నీళ్లు నింపిన పారదర్శక ట్యూబ్ వాడతారు కదా, అదే కావాలి. సింక్ సీకాక్‌కి (పడవ ఒంటికి ఉన్న రంధ్రాన్ని మూసే కుళాయికి) ఉన్న హోస్ ఊడదీసి, ఆ రంధ్రంలోంచి సన్నటి ట్యూబ్‌ని లోపలికి తీసుకెళ్లండి. బయట పడవ ఒంటి మీద పాచి గీత కనిపిస్తుంది, అదే మీ నిజమైన వాటర్‌లైన్. ఇంజిన్‌కి సరిగ్గా ఎదురుగా ఉన్నచోట ఆ గీత దగ్గర ఒక మనిషి ట్యూబ్ పట్టుకుంటే, లోపల నీళ్లు నిలిచిన చోట ఇంజిన్ పక్కన టేపు అంటించండి. పడవ క్రేడిల్‌లో (ఒడ్డున నిలబెట్టే చట్రంలో) ఒక పక్కకి వాలి ఉండొచ్చు, కాబట్టి రెండో వైపు నుంచి కూడా తీసి మధ్య మట్టం చూసుకోండి. ట్యూబులో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుంది. ఇక్కడ బద్ధకించి కంటితో అంచనా వేసినవాళ్లే తర్వాత ఇబ్బంది పడ్డారు. మీ 8 సెంటీమీటర్ల అంకె ఎలా వచ్చిందో రాయలేదు, దాన్నీ ఒకసారి సరిచూడండి.

ఆ టేపు గీత నుంచి నాలుగు ఎత్తులు రాసుకోండి: నీళ్లు కలిసే చోటు, వాటర్‌లాక్ పై భాగం, గూస్‌నెక్ శిఖరం, ట్రాన్సమ్ రంధ్రం. వీటితో పాటు వాటర్‌లాక్ నుంచి గూస్‌నెక్ దాకా హోస్ పొడవు.

నీళ్లు కలిసే చోటు వాటర్‌లైన్‌కి కనీసం 15 సెంటీమీటర్లు పైన ఉండాలన్నది చాలామంది ఇంజిన్ తయారీదారుల నియమం. అంతకన్నా తక్కువైతే యాంటీ సైఫన్ లూప్ (తల మీద ఆ వాల్వ్ ఉన్న ఎత్తైన గొట్టపు వంపు) తప్పనిసరి. కారణం తేలిక. డ్రమ్ములోంచి ట్యూబుతో కిరోసిన్ లాగడం చూసే ఉంటారు. ఒకసారి ధార మొదలైతే దానంతట అదే వస్తూ ఉంటుంది. సీకాక్ నుంచి పంపు, హీట్ ఎక్స్‌ఛేంజర్ మీదుగా ఎల్బో దాకా ఉన్నది అలాంటి ట్యూబే. ఇంజిన్ ఆపాక పంపులోని ఇంపెల్లర్ (నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రం) దాన్ని పూర్తిగా మూయదు, ముఖ్యంగా రెక్కలు అరిగితే. సముద్రం చుక్క చుక్కగా ఎల్బోలోంచి వాటర్‌లాక్‌లోకి దిగి, అది నిండాక వెనక్కి పొంగి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ ద్వారా సిలిండర్‌లోకి చేరుతుంది. మీరు క్యాబిన్‌లో నిద్రపోతూ ఉంటారు, ఏ శబ్దమూ రాదు. మీది 8 సెంటీమీటర్లు కదా, పడవ గాలికి ఒరిగితే, ఇంజిన్ కాస్త పక్కకి ఉంటే ఆ 8 కూడా మిగలదు.

మీ పడవలో నేనైతే హై రైజ్ ఎల్బో వేస్తాను. పేరులో ఉన్నట్టే అది పొగని ముందు నిలువుగా పైకి తీసుకెళ్లి, అక్కడ నీళ్లు కలిపి, తర్వాత కిందికి వంపు తిప్పుతుంది. మామూలు ఎల్బో కన్నా 15 సెంటీమీటర్ల దాకా ఎత్తు దొరికితే మీ కలిసే చోటు 8 నుంచి 23కి వెళుతుంది. అదే సమయంలో అక్కడి నుంచి వాటర్‌లాక్ దాకా ఉండే దిగుడు కూడా అంతే పెరుగుతుంది. ఆ దిగుడు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. ఫొటోలో మీది 20 కూడా ఉన్నట్టు లేదు. ఒక్క భాగం మార్చడంతో రెండు లోపాలు సర్దుకుంటాయి, అందుకే దీని మీద ఇంత పట్టుబడుతున్నాను. కొనే ముందు అట్టముక్కతో ఆ ఆకారం కత్తిరించి ఇంజిన్ మీద నిలబెట్టి, పైన ఇంజిన్‌ని కప్పే మెట్ల పెట్టె మూత మూసుకుంటుందో లేదో చూడండి. చెక్కకి కనీసం నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి.

హై రైజ్‌తో రెండు జాగ్రత్తలు వస్తాయి. నీళ్లు కలిసే ముందు ఉన్న పొడి భాగం పొగతో సమానంగా వేడెక్కుతుంది, దానికి గ్లాస్ ఫైబర్ పట్టీ దట్టంగా చుట్టాలి. రెండోది బరువు. అంత లోహం మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ కలిసే గొట్టం) మీద వేలాడుతూ డీజిల్ వణుకుకి ఊగితే దాన్ని పట్టి ఉంచే స్టడ్లు (బోల్టులు) విరుగుతాయి. ఒక బ్రాకెట్ కట్టాలి, కానీ ఆ బ్రాకెట్‌ని ఇంజిన్ బ్లాక్‌కే బిగించాలి, పడవ గోడకి కాదు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కదులుతుంది, గోడ కదలదు, మధ్యలో ఎల్బో నలిగిపోతుంది. ఇంకొక మాట. పాత ఎల్బో మీద ఎవరో ఎప్పుడో చుట్టిన తెల్లటి అల్లిక తాడు ఉంటే చేత్తో పీకేయకండి. బ్రిటన్‌లో ఆస్‌బెస్టాస్‌ని పూర్తిగా నిషేధించింది 1999లో, మీ పడవ అంతకన్నా పాతది. పరీక్ష చేయించాకే ముట్టుకోండి.

స్టెయిన్‌లెస్ మంచిదా అన్న ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు లేదు. పోత ఇనుము ఎల్బో తుప్పు పడుతుంది, కానీ చెప్పి పడుతుంది. మీది కారినట్టు ముందే కారుతుంది. స్టెయిన్‌లెస్ బయటికి మెరుస్తూనే వెల్డు పక్కన సూది మొన అంత రంధ్రం వేసుకుంటుంది. వేడి ఉప్పునీళ్లు, డీజిల్‌లోని గంధకం వల్ల పుట్టే ఆమ్లం రెండూ కలిసేది సరిగ్గా ఆ చోటే. మామూలు ఎత్తు ఎల్బో అయితే నేను కంపెనీ పోత ఎల్బోనే వేసుకుంటాను. హై రైజ్ మాత్రం ఎక్కువగా స్టెయిన్‌లెస్‌లోనే దొరుకుతుంది కాబట్టి ఉప్పునీటికి వాడే 316ఎల్ గ్రేడు అడగండి, మందం చూడండి, వెల్డులు ఎవరు చేశారో చూడండి. రెండేళ్లకోసారి విప్పి లోపలికి టార్చ్ వేసి చూస్తానని ఇప్పుడే నిర్ణయించుకోండి. ప్లంబింగ్ షాపులో దొరికే ఇత్తడి, కంచు ముక్కలతో పొడి భాగం కట్టుకోవాలని మాత్రం అనుకోకండి. డీజిల్ పొగ రాగి కలిసిన లోహాలను తినేస్తుంది.

పాతది విప్పేటప్పుడు తొందరపడొద్దు. స్టడ్ల మీద మూడు రోజుల పాటు రోజుకి రెండు సార్లు పెనిట్రేటింగ్ ఆయిల్ వేయండి. బిగుసుకుంటే వేడి చేయండి, విప్పేటప్పుడు పావు తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి. మానిఫోల్డ్‌లో స్టడ్ విరిగితే ఒక పూట పని వారం అవుతుంది. విప్పాక లోపల చూడండి. నల్లటి మసి గట్టిపడి రంధ్రం మీ చిటికెన వేలంత మిగిలి ఉంటుందని నా అంచనా. మీ ఆర్‌పీఎం పడిపోవడం, నల్ల పొగ రెండూ దాని వల్లే. పొగ బయటికి పోలేకపోతే సిలిండర్‌లోకి కొత్త గాలి సరిపడా రాదు, డీజిల్ సగం కాలి నల్లగా వస్తుంది.

హోస్ సంగతి. మార్చండి, మొత్తం. పాత హోస్ బయటికి బాగానే కనిపించి లోపలి పొర ఊడిపోయి ఉండడం నేను చాలాసార్లు చూశాను. ఆ పొర తలుపు రెక్కలా లేచి దారి మూసేస్తుంది, ఎల్బో కొత్తది వేసినా ఆర్‌పీఎం రాదు, మనిషి పిచ్చెక్కిపోతాడు. కొత్తది ఎస్‌ఏఈ జె2006 లేదా ఐఎస్ఓ 13363 అన్న ప్రమాణం పేరు హోస్ మీదే అచ్చు ఉన్నది, లోపల తీగ చుట్టు ఉన్నది తీసుకోండి. జె2006 హోస్‌ని చల్లార్చే నీళ్లు పూర్తిగా ఆగిపోయినా రెండు నిమిషాలు నిలబడేలా పరీక్షిస్తారు. మామూలు నీళ్ల హోస్‌కి ఆ ఓర్పు లేదు. లోపలి వ్యాసం ఎల్బో మూతి కన్నా ఎక్కడా తగ్గకూడదు. ఎక్కించేటప్పుడు నూనె, గ్రీజు వద్దు, వేడినీళ్లలో కాసేపు ముంచి సబ్బు నీళ్లు రాస్తే చాలు. ప్రతి చివరా రెండేసి 316 స్టెయిన్‌లెస్ క్లిప్పులు, స్క్రూలు ఎదురెదురు వైపులా. క్లిప్పు పట్టీ మంచిదైనా స్క్రూ నాసిరకం ఇనుముది ఉంటుంది, కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసుకోండి. ఎల్బో నుంచి వాటర్‌లాక్ దాకా హోస్ ఎక్కడా నడుం వంగకుండా వాలుగానే ఉండాలి. మధ్యలో గుంట పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి.

ఇప్పుడు వాటర్‌లాక్. దీని లెక్క మీరే వేయొచ్చు. ఇంజిన్ ఆపగానే గూస్‌నెక్‌కి ఇవతలి హోస్‌లో ఉన్న నీళ్లన్నీ వెనక్కి ఈ డబ్బాలోకి దిగుతాయి. 50 మిల్లీమీటర్ల హోస్ మీటరుకి దాదాపు 2 లీటర్లు పడుతుంది. మీది సుమారు 2.2 మీటర్లు అనుకుంటే 4.3 లీటర్లు. డబ్బా 4.5. అందులోనూ బయటికి పోయే గొట్టం అడుగు దాకా ఉండదు కాబట్టి కొంత నీరు ఎప్పుడూ డబ్బాలోనే ఉంటుంది. పైనుంచి పొగ వచ్చే మూతి దాకా నిండనివ్వకూడదు. పడవ ఒరిగితే ఇంకా తగ్గుతుంది. పొగ కలిసి ఉంటుంది కాబట్టి హోస్ పూర్తిగా నిండి ఉండదని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ స్టార్ట్ కాని ఇంజిన్‌కి ఆ మినహాయింపు వర్తించదు. 10 లీటర్ల డబ్బా పెట్టండి, ఇంజిన్ వెనక, పడవ మధ్య గీత మీద, వీలైనంత కింద. అడుగున డ్రెయిన్ బిరడా ఉన్నదే కొనండి, ఆ బిరడాకి చెయ్యి అందేలా బిగించండి.

బిరడా మాట ఎందుకన్నానంటే, నాకు జరిగింది కాబట్టి. పడవ కొన్న మొదటి ఏడాది డీజిల్ ఫిల్టర్ మార్చి, లైనులో గాలి పూర్తిగా తీయకుండానే స్టార్టర్ తిప్పాను. అందుకోలేదు. మళ్లీ తిప్పాను, మళ్లీ. పది పన్నెండు సార్లు. సీకాక్ తెరిచే ఉంది. ప్రతిసారీ పంపు సముద్రపు నీళ్లు ఎల్బోలోకి పోస్తూనే ఉంది, దాన్ని బయటికి నెట్టడానికి పొగ లేదు. చివరిసారి ఠక్కుమని ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. కాదు, సిలిండర్‌లో నీళ్లు. నీరు నలగదు కాబట్టి పిస్టన్ ఆగింది. అదృష్టం ఏమిటంటే వెంటనే అర్థమై ఇక తిప్పలేదు, తిప్పి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగేది. వాటర్‌లాక్ ఖాళీ చేసి, ఇంజెక్టర్లు విప్పి, స్పానర్‌తో చేత్తో తిప్పితే నీళ్లు చిమ్ముతూ వచ్చాయి. ఇంజిన్ ఆయిల్ పాలలా మారింది. ఆ రాత్రే మూడు సార్లు ఆయిల్ మార్చి, మధ్య మధ్య ఇంజిన్ నడిపి, తెల్లవారుజామున ఇంటికెళ్లాను. రెండు రోజులు వదిలేసి ఉంటే పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు తుప్పు పట్టి ఇంజిన్ పోయేది.

కాబట్టి రెండు మూడు ప్రయత్నాల్లో అందుకోకపోతే సీకాక్ మూసేయండి, వాటర్‌లాక్ డ్రెయిన్ చేయండి, అప్పుడు మళ్లీ ప్రయత్నించండి. అందుకున్న క్షణం సీకాక్ తెరవాలి, లేకపోతే ఇంపెల్లర్ కాలిపోతుంది. పడవ నడిపే ప్రతి ఒక్కరికీ, మీ స్నేహితుడికి కూడా ఇది నేర్పండి. స్టార్ట్ తాళం పక్కనే తెలుగులో రాసి అంటించండి.

హై రైజ్ వేశాక కూడా యాంటీ సైఫన్ వాల్వ్ తీసేయొద్దు. కానీ లాకర్ పక్క గోడ మీద నుంచి మధ్య గీత దగ్గరికి మార్చండి. పక్కన ఉంటే పడవ అటు ఒరిగినప్పుడు అది కూడా కిందికి దిగుతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. లూప్ శిఖరం వాటర్‌లైన్‌కి కనీసం 30 సెంటీమీటర్లు పైన ఉండాలి, మీ దగ్గర చోటు ఉంటే ఇంకా పైకి పెట్టండి. వాల్వ్‌లోని చిన్న రబ్బరు నాలుక ఉప్పుకి అతుక్కుపోతుంది. తెరవకపోతే సైఫన్ తెగదు, మూసుకోకపోతే మీ ఇంజిన్ మీద ఉప్పునీళ్లు చిమ్ముతాయి. సీజన్‌లో రెండుసార్లు విప్పి మంచినీళ్లతో కడగాలి. ఇది గుర్తుండదనుకుంటే వాల్వ్ బదులు అక్కడి నుంచి సన్నటి గొట్టం కాక్‌పిట్ పక్కకి తీసి బయటికి వదిలేయండి. ఇంజిన్ నడుస్తుంటే అందులోంచి సన్న ధార కనిపిస్తుంది, చల్లార్చే నీళ్లు వస్తున్నాయో లేదో కూడా అదే చెబుతుంది. నా పడవలో అదే పెట్టుకున్నాను.

గూస్‌నెక్ శిఖరం ట్రాన్సమ్ లోపల, డెక్ కిందికి ఎంత పైకి తేగలిగితే అంత. వాటర్‌లైన్‌కి 40 సెంటీమీటర్లు దొరికితే వెనక నుంచి వచ్చే అలలకి భయం తక్కువ. అలాగని ఎత్తు పెంచుకుంటూ పోకూడదు. వాటర్‌లాక్ అడుగు నుంచి శిఖరం దాకా మొత్తం ఎత్తు మీటరు దాటితే పొగకి నీటిని ఎత్తడం భారమవుతుంది, ఆ భారం మళ్లీ ఇంజిన్ మీదే పడుతుంది. సరిచూడ్డానికి ఎల్బో పొడి భాగంలో ఒక చిన్న రంధ్రం, దానికి బిరడా పెట్టించుకోండి. మీటరు పొడవు రాగి గొట్టం, ఆ తర్వాత యు ఆకారంలో నీళ్లు నింపిన పారదర్శక ట్యూబ్ తగిలించి, నీటిలో పూర్తి లోడ్ మీద నడిపి రెండు వైపుల మట్టాల తేడా చూడండి. 100 సెంటీమీటర్ల తేడా అంటే దాదాపు 0.1 బార్. మీ ఇంజిన్‌కి హద్దు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, కొత్త సిస్టమ్ దానికి బాగా లోపలే ఉండాలి.

ఈ పనిలోనే ఇంకో రెండు చిన్నవి పెట్టించుకోండి. ఎల్బో దాటిన వెంటనే హోస్ మీద ఉష్ణోగ్రత అలారం సెన్సర్. ఇంపెల్లర్ విరిగితే ఇంజిన్ టెంపరేచర్ లైటు వెలిగేలోపే హోస్ కాలడం మొదలవుతుంది, ఈ అలారం ముందే అరుస్తుంది. ఎంతకి సెట్ చేయాలో మీ పడవే చెబుతుంది: వేసవిలో అరగంట లోడ్ మీద నడిపి హోస్ వేడి కొలిచి, దాని మీద ఇరవై డిగ్రీలు కలపండి. రెండోది క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ (విషవాయువు) అలారం. డీజిల్‌లో అది పెట్రోల్ అంత రాదు, కానీ కారే ఎల్బో పక్క క్యాబిన్‌లో పిల్లలు పడుకుంటే ఆ లెక్కలు నేను చూడను. మీ పాత ఎల్బో ఇప్పటికే కారుతోంది కాబట్టి, మార్చే దాకా ఇంజిన్ నడుపుతూ లోపల పడుకోవద్దు.

మసి మళ్లీ పేరుకోకుండా ఉండాలంటే లంగరు వేసి బ్యాటరీ చార్జింగ్ కోసం గంటల తరబడి ఐడిల్ మీద నడపడం మానండి. చల్లగా, లోడ్ లేకుండా తిరిగే డీజిల్‌లో ఇంధనం పూర్తిగా కాలదు. రేవు వదిలాక కాసేపైనా గట్టిగా నడపండి.

కొలతలు తీశాక ఆ నాలుగు ఎత్తులూ, హోస్ పొడవూ, మెట్ల పెట్టె కింద ఉన్న ఖాళీ ఇక్కడే రాయండి. ఏ ఎల్బో ఎత్తు సరిపోతుందో, డబ్బా ఎక్కడ కూర్చుంటుందో గీసి పెడతాను. యార్డు వాళ్లకి ఆర్డర్ ఇవ్వడం అప్పటిదాకా ఆపండి.